మాల తీయనన్న స్వామి

ఆ రోజుల్లో సూరత్‌లో సాంచాల మీద పనిచేసే వాళ్ళకు బీడీ వ్యసనం కాదు, హక్కు. (మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. సిరిసిల్లలోనూ అంతే, సూరత్‌లోనూ అంతే.) ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే ముక్కు చిట్లిస్తారు గానీ, పన్నెండు గంటల పాళీలో కూర్చునే వీలు లేకుండా సాంచాల మధ్య అటూ ఇటూ తిరిగిన వాడికి అందులోని న్యాయం తెలుస్తుంది. లోపలంతా నూలు, నూనె, దుమ్ము. అగ్గిపుల్ల గీస్తే కార్ఖానా మొత్తం అంటుకుంటుంది. కాబట్టి బీడీ తాగాలంటే బయటికి పోవాల్సిందే. సేఠ్ వచ్చి, మనిషి లేని సాంచాల ముందు నిలబడి "క్యాం గయో?" (ఎక్కడికి పోయాడు) అని అడిగితే "బీడీ పీనే గయా, సేఠ్" అంటే చాలు, ఆయన మారుమాట లేకుండా ముందుకు నడిచేవాడు. అదే "కాళ్ళు గుంజుతున్నయని జర కూసున్నడు" అని చెప్పి చూడండి, కూర్చున్న వాడికీ చెప్పిన వాడికీ కలిపి వడ్డించేవాడు. బీడీ తాగే వాడికి రోజుకు ఎన్నిసార్లైనా సెలవు, తాగని వాడికి అసలు లేదు. ఊరి నుంచి వచ్చిన కొత్తలో నేను బీడీ ముట్టని బుద్ధిమంతుణ్ణి. ఆ బుద్ధి నాకు ఎన్నాళ్ళో నిలవలేదు. పొగ కోసం కాదు, కూర్చోవడం కోసం బీడీ నేర్చుకున్నాను.

ఇందులో ఇంకో పద్ధతి ఉండేది. ఒకడు బీడీకి పోతే పక్కవాడు వాడి సాంచాలు కూడా చూడాలి. పోగు తెగితే ముడెయ్యాలి, నూలు కండె అయిపోతే మార్చాలి. వాడు తిరిగొచ్చాక వీడు పోతాడు. ఇట్లా ఇద్దరిద్దరిని బీడీ జోడీ అనేవాళ్ళం. భార్యాభర్తల జాతకాలు కలవకపోయినా సంసారం నడుస్తుందేమో గానీ, బీడీ జోడీ కుదరకపోతే కార్ఖానాలో బతుకు నడవదు. నా జోడీని అందరూ పొగబండి అని పిలిచేవారు. కరీంనగర్ దిక్కు మనిషి, నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. ఒక బీడీ ఆరకముందే దాని నిప్పుతో ఇంకోటి అంటించే నేర్పరి. అతని చేతి కింద నేను ఏడాది తిరగకుండానే కట్టకు కట్ట ఊదేసే స్థాయికి ఎదిగాను. నిజం చెప్పాలంటే అప్పట్లో దానికీ కాస్త గర్వంగానే ఉండేది.

తొంభైల మొదట్లో నాకు పెళ్ళయింది. మా ఇంటామెను తీసుకొచ్చి సూరత్ శివార్లలో ఉన్‌ అనే చోట ఒక రేకుల గది కిరాయికి తీసుకున్నాను. సచిన్ పారిశ్రామికవాడలోని కార్ఖానాకు అక్కడి నుంచి సైకిల్ మీద పోయి వచ్చేవాణ్ణి. ఆమె మాట తక్కువ మనిషి. కొత్త ఊరు, కొత్త భాష, అన్నీ వారంలో సర్దుకుంది. కూరగాయల బండివాడితో గుజరాతీలో బేరం చేయడం నాకంటే ముందు నేర్చింది. ఒక్కటే బాధ, ఆమెకు నిద్ర ఉండేది కాదు. నేను దగ్గితే చాలు, దిగ్గున లేచి కూర్చునేది. "ఏమైంది?" అంటే "ఏం లేదు, నీళ్ళియ్యాల్నా?" అనేది. పగలు బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ చేటలోనే తల వాల్చేది. రెండుసార్లు అన్నం మాడి, వాసనకు పక్కింటి వాళ్ళు వచ్చి లేపారు. కళ్ళ కింద నల్లటి చారలు చూసి మా గల్లీ ఆడవాళ్ళు నన్ను అదోలా చూడటం మొదలుపెట్టారు (కొడుతున్నానని అనుకున్నారట). ఒకనాడు గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది.

"చిన్నప్పటి సంది మా బాపు దగ్గు ఇనుకుంటనే పండుకున్న. ఆ దగ్గు ఆగిన దినం బాపు లేడు. ఇప్పుడు నువ్వు దగ్గితే భయమైతది, దగ్గకపోతే ఇంకింత భయమైతది. ఇగ నిద్ర ఎట్ల వస్తది చెప్పు."

వాళ్ళ నాన్న కూడా సిరిసిల్లలో సాంచాల మీదే పనిచేశాడు, బీడీలు తాగాడు, దగ్గాడు, పోయాడు. నాకు ఆ సంగతి పెళ్ళికి ముందే తెలుసు. తెలియడం వేరు, మనింట్లో మనిషి దాన్ని రోజూ తలుచుకుంటూ మేల్కొని ఉండటం వేరు. ఆ మాట విన్నాక మానేస్తానన్నాను. ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. మర్నాడు పాళీలో ఆ సంగతి చెబితే పొగబండి శాంతంగా విని, "ఒట్టు నెత్తి మీద పెట్టినవ్, నోటి మీద పెట్టలే గద" అని బీడీ అందించాడు. మనవాడి తర్కానికి నేను లొంగిపోయాను. ఆ తరువాత సోంపు నమిలాను, లవంగాలు నమిలాను, పుదీనా గోళీలు చప్పరించాను. వాటివల్ల కలిగిన ఫలితం ఏమిటంటే, సోంపు తిని బీడీ తాగితే రుచి పెరుగుతుందని తెలిసింది. ఇట్లా నెలకోసారి మానేస్తూ, మానేసిన ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ తాగుతూ కాలం గడుపుతుంటే మా మాస్తరు నన్ను పక్కకు పిలిచాడు.

మాస్తరు అంటే బడిలో పంతులు కాదు, సాంచాలు చెడిపోతే బాగుచేసే పెద్ద మేస్త్రీ. మా తెలుగు వాళ్ళందరికీ గురుస్వామి కూడా ఆయనే. చలికాలం వచ్చిందంటే ఆయన చేతుల మీదుగా పదిపదిహేను మంది అయ్యప్ప మాల వేసుకునేవారు. "ఏడాది సంది చూస్తున్న. నీతోని అయ్యే పని కాదు గిది. మాలేసుకో. మాల మెడల వడ్డదంటే బీడీ నీ దిక్కు సుత చూడది" అన్నాడు. నాకు నచ్చింది. భారం మోయలేనప్పుడు దేవుడి నెత్తిన పెట్టడం మనకు కొత్త కాదు కదా.

మాల వేసుకున్నాను. నల్ల లుంగీ, నల్ల చొక్కా, నుదుట గంధం, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, కటికనేల మీద చాప, వారంలో మాసిపోయే గడ్డం. అప్పుడు జరిగింది అద్భుతం. బీడీ నన్ను విడిచింది అనడం కంటే, సూరత్ పట్టణం మొత్తం కలిసి నా దగ్గర్నుంచి బీడీని లాక్కుంది అనడం నిజం. పాన్ గల్లా (పాన్ కొట్టు) వాడు నన్ను చూడగానే రెండు చేతులూ జోడించి, "స్వామీజీ, అబ్ ఆప్‌కో దూంగా తో ముఝే పాప్ లగేగా" అన్నాడు, నాకిస్తే వాడికి పాపమట. నేను అడిగింది అగ్గిపెట్టె, అది కూడా ఇంట్లో స్టవ్ కోసం. అదీ ఇవ్వలేదు. కార్ఖానా బయట వేపచెట్టు కింద మావాళ్ళు పొగ తాగుతుంటే, పోనీ పక్కన నిలబడి వాళ్ళు వదిలిన పొగైనా పీల్చుకుందామని పోయేవాణ్ణి. నన్ను చూడగానే అందరూ బీడీలు వెనక్కి దాచి, చెప్పులు విడిచి లేచి నిలబడేవాళ్ళు. "స్వామి శరణం" అనేవాళ్ళు. నేను "శరణం" అని, ఆ పొగ చెదిరిపోయే దాకా అక్కడే నిలబడి, వట్టి ముక్కుతో తిరిగొచ్చేవాణ్ణి.

ఇంకో ముచ్చట. ఇప్పుడు నేను బీడీకి పోనక్కర్లేదు కాబట్టి, వరుసలో మాల వేసుకోని వాళ్ళందరూ "స్వామీ, జర మావి సుత చూడు" అని వాళ్ళ సాంచాలు నాకు అప్పగించి పోవడం మొదలుపెట్టారు. స్వామి కాదంటాడా? దేవుడి సేవ అనుకుని ఒట్టి కాళ్ళతో ఒక మూల నుంచి ఇంకో మూలకు పరుగెత్తేవాణ్ణి. ఒకచోట ముడేస్తుంటే ఇంకోచోట కండె అయిపోయేది. శబరిమల కొండ ఎక్కడం చాలా కష్టమని పోయొచ్చిన వాళ్ళు భయపెట్టారు గానీ, నాకు మాత్రం పంబ నుంచి సన్నిధానం దాకా నడక సెలవు దినంలా అనిపించింది.

అయినా ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. దగ్గు తగ్గింది. కొండ ఎక్కినా ఆయాసం లేదు. కొండ దిగి వస్తుంటే, ఇంత పెద్ద పని చేసిన మనిషిని నేనే కదా అని నా భుజం నేనే తట్టుకోవాలనిపించింది. సూరత్ చేరాక గుడిలో మాల తీసే కార్యక్రమం మొదలైంది. గురుస్వామి ఒక్కొక్కరి మెడలోంచి మంత్రం చెప్పి మాల తీస్తున్నాడు. నా ముందు పొగబండి ఉన్నాడు (నా బలవంతం మీద ఆ ఏడు తనూ వేసుకున్నాడు, మొదట్నుంచీ పాపం విడుదల కోసమే ఎదురుచూశాడు). అతని మాల తీశారు. అతను దేవుడికి దండం పెట్టాడు, గురుస్వామి కాళ్ళకు మొక్కాడు, గుడి మెట్లు దిగాడు, చెప్పులు వేసుకోకముందే బీడీ వెలిగించాడు. అతని వెనక దిగిన వాళ్ళంతా ఆ నిప్పుతోనే అంటించుకున్నారు. గుడి ముందు మబ్బు పట్టినట్టయింది. ఆ వాసన లోపల నిలబడ్డ నా ముక్కుకు తగిలింది. నోట్లో నీళ్ళూరాయి. అప్పుడు అర్థమైంది, మాల తీస్తే నేను కూడా మెట్లు దిగి ఆ మబ్బులోకే పోతానని. గురుస్వామి చెయ్యి నా మెడ దగ్గరికి రాగానే రెండు చేతులతో మాల గట్టిగా పట్టుకున్నాను.

"నేను తియ్య."

"తియ్యనంటే ఏంది స్వామీ. మొక్కు తీరింది, దర్శనమైంది. తియ్యాలె."

"ఇంక తీరలే గురుస్వామీ. జర కొన్ని దినాలు ఉండనియ్యి."

ఆయన అయోమయంగా చూశాడు. ఆయన అనుభవంలో మాల ముందే తీసేస్తామన్న వాళ్ళున్నారు గానీ, తీయమంటే తీయనన్న వాణ్ణి చూడలేదు. పాపం, శాస్త్రంలో దీనికి ఏముందో ఆయనకూ తెలియక, "సరే, నీ ఇష్టం" అన్నాడు. అట్లా అందరూ గడ్డాలు తీసి మామూలు మనుషులై తిరుగుతుంటే, నేనొక్కణ్ణే నల్ల లుంగీతో మిగిలాను. ఎవరైనా అడిగితే మొక్కు అన్నాను. ఏం మొక్కు అంటే చెప్పకూడదన్నాను. ఎండలు మొదలయ్యే వేళకు నల్ల బట్టల్లో ఉడికిపోతూ, ఇక ఆగలేక గురుస్వామి దగ్గరికి పోయి, "దీని తర్వాత ఏ మాలున్నది?" అని అడిగాను. హనుమాన్ మాల ఉందన్నాడు. అయ్యప్ప మాల తీయడం, హనుమాన్ మాల వేయడం కూర్చున్న చోటే జరిగిపోయాయి. మధ్యలో దగ్గడానికి కూడా సందు ఇవ్వలేదు. నల్ల లుంగీ పోయి కాషాయం వచ్చింది. చైత్రంలో చిన్న హనుమాన్ జయంతికి తీయాల్సింది వైశాఖంలో పెద్ద జయంతికి వాయిదా వేశాను.

ఇంట్లో పరిస్థితి ఏమిటని మీరు అడగొచ్చు. కొత్తగా పెళ్ళయిన మొగుడు నెలల తరబడి స్వామి అయి, గది బయట అరుగు మీద చాప పరుచుకుని పడుకుంటుంటే ఏ భార్యకు బాగుంటుంది? ఆమె నన్ను పేరు పెట్టి కాదు, "ఏమయ్యా" అని కూడా కాదు, స్వామీ అనే పిలవాలి. "స్వామీ, నూనె అయిపోయింది." "స్వామీ, కిరాయి అడుగుతున్నడు." మొదట్లో భక్తితో అన్నది, ఎండాకాలం వచ్చేసరికి ఆ మాటను పళ్ళ మధ్య నుంచి అనేది. "దగ్గు పోయింది గద, ఇగ నువ్వన్న సుఖంగ పండుకో" అంటే, "ముందుగాల మాల దియ్యి. అప్పుడు చూద్దాం" అనేది. నాకు కోపం వచ్చేది. ఇంత తపస్సు ఎవరి కోసం చేస్తున్నట్టు? ఆమె కళ్ళ కింద చారలు మాత్రం అట్లాగే ఉన్నాయి, నాకు అదే అంతుపట్టేది కాదు.

సూరత్ నుంచి సిరిసిల్లకు పోయిన వాళ్ళెవరో ఈ సంగతి మా అత్త చెవిన వేశారు. అక్కడికి చేరేసరికి నేను సన్యాసుల్లో కలిసిపోయాననీ, నర్మద ఒడ్డున ఆశ్రమం చూసుకున్నాననీ అయింది. ఒకనాడు పాళీ దిగి ఇంటికొచ్చేసరికి అరుగు మీద సంచీతో సహా అత్త కూర్చుని ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. లేచి, కొంగు భుజాల మీదుగా కప్పుకుని, గల్లీ నడిమిట్ల వంగి నా కాళ్ళకు మొక్కింది. "కాల్మొక్త స్వామీ" అంది. మాలలో ఉన్నవాణ్ణి, వద్దనకూడదు. అల్లుణ్ణి, వద్దనకుండా నిలబడకూడదు. అల్లుడి కాళ్ళకు అత్త మొక్కడం కంటే ఘోరం మా కులంలో ఇంకోటి లేదు. నేను స్తంభంలా బిగుసుకుపోయాను. ఆమె అంతటితో ఆపలేదు. మర్నాడు పొద్దున నీళ్ళ కుళాయి దగ్గర, ఆడవాళ్ళందరూ బిందెలతో నిలబడి ఉండగా మళ్ళీ మొక్కింది. సాయంత్రం సైకిల్ దిగకముందే మొక్కింది. మొహంలో నవ్వు లేదు, కోపం లేదు. మూడో నాటికి నేను గల్లీ వెనక నుంచి గోడ దూకి ఇంట్లోకి పోవడం మొదలుపెట్టాను. అక్కడా ఎదురొచ్చి మొక్కింది.

చివరికి నేనే ఆమె ముందు కూర్చుని, "అత్తా, నీకు పుణ్యముంటది, నా కాళ్ళు ముట్టకు" అని వేడుకున్నాను. మా ఇంటామె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"మరి మాలెందుకు తీస్తలేవు?" అంది అత్త.

"తీస్తే బీడీ తాగుతనేమోనని భయం."

అత్త చెప్పింది, "మీ మామ సుత ఏటేటా కొండగట్టు హనుమాన్ మాలేసేటోడు. మాలున్నన్ని దినాలు ముట్టకపోయేది. నా అంత అదృష్టవంతురాలు లేదనుకునేదాన్ని. మాల తీసిన తెల్లారి కట్ట కొనెటోడు. అప్పుడు నాకు తెలిసింది బిడ్డా. మాలున్నన్ని దినాలు దేవుడు మానిండు. మీ మామ ఎన్నడు మానలే."

చిక్కుడుకాయలు తుంచే చప్పుడు ఆగిపోయింది. నేను అటు చూశాను. మా ఇంటామె తల ఎత్తలేదు గానీ, ఆమెకు ఇన్నాళ్ళూ నిద్ర ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది. చిన్నప్పటి నుంచీ ఆమె చూసింది ఇదే. మాల ఉంటుంది, దగ్గు ఆగుతుంది, మాల తీస్తారు, దగ్గు మొదలవుతుంది. నేను గొప్పగా చేస్తున్నాననుకున్న తపస్సు ఆమెకు పుట్టింట్లో ఏటేటా జరిగిన తంతే.

"నేనున్నప్పుడే తియ్యి" అంది అత్త. "నువ్వు తాగుతవో తాగవో నా కండ్లతోని చూసి పోత. తాగితే నిన్ను ఒక్క మాట అన. నా బిడ్డను తోలుకపోత. అది ఒక దగ్గు ఇన్నది, చాలు. రెండోది ఇననియ్య."

అత్త అన్నంత పనీ చేసే మనిషి. మొగుడు పోయాక ఒక్కతే బీడీలు చుట్టి పిల్లల్ని సాకింది (అవును, బీడీలే, ఏం చేస్తారు, మా దగ్గర ఆడవాళ్ళకు దొరికే పని అదే). తెల్లవారి గురుస్వామిని పిలిపించాను. మాల తల్లి చేత తీయించుకోవడం మంచిదని ఆయన అన్నాడు. మా అమ్మ లేదు. అత్తే తీసింది. తీసి నా నెత్తి మీద అరచేయి పెట్టి, "ఇగ నువ్వు స్వామివి కాదు, అల్లునివి" అంది. మెడ ఎంత తేలికైందో, లోపల అంత బరువైంది.

ఆ రోజు పాళీకి గడ్డం గీయించుకుని, మామూలు ప్యాంటు చొక్కాతో పోయాను. అత్త వెంట వస్తుందని, గేటు ఎదురుగా కూర్చుని కాపలా కాస్తుందని అనుకున్నాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె రాలేదు. మాల లేదు, అత్త లేదు, ఇంటామె లేదు. పొద్దున మొదటి గంటలోనే పొగబండి నా భుజం మీద చెయ్యేశాడు. "ఎన్ని దినాలకు మనిషివైనవ్ రా. నువ్వు లేక నా జోడీ ఖరాబైంది. నడు." మాస్తరే మా ఇద్దరి సాంచాల దగ్గర నిలబడి, మొదటి రోజు కదా, ఇద్దరూ కలిసి పోయి రండి అని పంపాడు. వేపచెట్టు కింద మావాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. ఈసారి నన్ను చూసి ఎవరూ లేవలేదు, ఎవరూ బీడీ దాచలేదు. నాకు చోటిచ్చారు. పొగబండి రెండు బీడీలు నోట్లో పెట్టుకుని రెండూ వెలిగించి, ఒకటి నా వేళ్ళ మధ్య పెట్టాడు.

దాన్ని నేను పట్టుకున్నాను. అబద్ధం చెప్పను. బీడీ ఎక్కడ పట్టుకోవాలో వేళ్ళకు బాగా గుర్తుంది. పెదాల దాకా వచ్చింది కూడా. ఇన్నాళ్ళూ "వద్దు" అనే మాట నేను ఒక్కసారి కూడా అనలేదని నాకు అప్పుడు తట్టింది. నా బదులు మాల అనేది, గల్లా వాడు అనేవాడు, లేచి నిలబడే వీళ్ళందరూ అనేవారు. ఇప్పుడు నేనే అనాలి, అదీ కారణంతో సహా. కావాలంటే అబద్ధం చెప్పొచ్చు, డాక్టరు వద్దన్నాడనొచ్చు, ఇంకో మొక్కుందనొచ్చు. నేను బీడీని తిరిగి పొగబండి చేతిలో పెట్టాను.

"నాకద్దు."

"ఎందుకద్దు. మాల తీసినవ్ గద."

"తీసిన. మా ఆమెకు నిద్ర వస్తలేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత చెట్టు మీది కాకులు లేచిపోయేంతగా నవ్వారు. మీరు ఆ నవ్వును తక్కువ అంచనా వేయకండి. మా సాంచాల వాళ్ళలో పెళ్ళానికి భయపడేవాళ్ళు అందరూ ఉన్నారు గానీ, నలుగురిలో పెళ్ళాం పేరు చెప్పి బీడీ వద్దన్నవాడు అప్పటిదాకా పుట్టలేదు. దేవుడి పేరు చెబితే చెప్పులు విడిచారు, పెళ్ళాం పేరు చెబితే పొట్ట పట్టుకున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. "ఆమె నిద్రకు నీ బీడీకి ఏం సంబంధమున్నది రా" అన్నాడు పొగబండి కళ్ళు తుడుచుకుంటూ.

"నేను దగ్గితే వాళ్ళ బాపు యాదికొస్తడట. ఆయన దగ్గుకుంటనే పోయిండు. సాంచాలాయనే, మనలెక్కనే."

నవ్వు ఆగింది. ఎవరూ బీడీలు ఆర్పలేదు, అట్లాంటి కథలు నాకు చెప్పడం రాదు. కానీ అట్లాంటి దగ్గు ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఉంది. పొగబండి నా బీడీని, తన బీడీని రెండింటినీ ఒకేసారి పీల్చాడు. "అయితే కూసో" అన్నాడు. "బీడీ లేకుంటే కూసోవద్దని ఎవడన్నడు." నేను కూర్చున్నాను. గాలి వస్తోంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

అదే సమయానికి లోపలికి సేఠ్ వచ్చాడట. నా సాంచాల ముందు నిలబడి "క్యాం గయో?" అన్నాడట. మాస్తరు, "బాహర్ బైఠా హై, సేఠ్" అన్నాడట. "బీడీ పీనే?" అని సేఠ్. "నహీ సేఠ్, బీడీ ఛోడ్ దియా. ఇసీలియే బైఠా హై" అని మాస్తరు. బీడీ మానేశాడు, అందుకే కూర్చున్నాడు అని. సేఠ్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి ఆలోచించి, తిట్టడానికి ఎక్కడా పట్టు దొరక్క ముందుకు నడిచాడట. ఆ కార్ఖానాలో బీడీ లేకుండా సెలవు సంపాదించిన మొదటి మనిషిని నేను. ఈ మాట నేను ఇప్పటికీ ఎవరు అడిగినా, అడగకపోయినా చెబుతాను.

కష్టం ఆ రోజుతో తీరిందని అనుకోకండి. మర్నాడు కూడా వద్దనాల్సి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. ఒకనాడు చికాకులో చేతిలోని కండె నేలకేసి కొట్టాను. ఒకనాడు వేపపుల్ల నమిలి నమిలి నోరు చేదు విషం చేసుకున్నాను. ఇంటికొస్తే అత్త దగ్గరికొచ్చి, మొహం మీద మొహం పెట్టి వాసన చూసేది. చూసి పక్కకు తప్పుకునేది. మా ఇంటామె పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే ఓరకంట తల్లి ముఖం చూసేది.

కరెంటు ఇవ్వక సాంచాలు ఆగే సెలవు రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఉధ్నా స్టేషన్ నుంచి అత్త బండి. రెండు వారాలు చూసింది కదా, ఇక పోతానంది. బిడ్డను తోలుకపోయే మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. అన్నాలు తిన్నాం. అత్త సంచీ సర్దుకుంటోంది. మా ఇంటామె గిన్నెలు కడిగి, జర నడుము వాలుస్తానని చాప మీద ఒరిగింది. నేను సైకిల్ గాలి చూసి వచ్చేసరికి గదిలోంచి వింత చప్పుడు వస్తోంది. ఏదో సాంచా నూనె లేక అరుస్తున్నట్టు. లోపలికి తొంగి చూశాను. మా ఇంటామె నోరు తెరిచి గురక పెడుతోంది. ఇంత చిన్న మనిషిలోంచి అంత గురక వస్తుందని నేను అనుకోలేదు. నిద్ర ఉంటే కదా ఇంతకు ముందు వినడానికి. నాకు గొంతుకు ఏదో అడ్డం పడింది. అది దగ్గేమోనని భయపడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చాను. దగ్గు కాదు.

బండికి వేళవుతోంది. తల్లి ఊరికి పోతుంటే బిడ్డ లేచి కుంకుమ పెట్టాలి, కళ్ళ నీళ్ళు పెట్టుకోవాలి, గల్లీ చివరి దాకా సాగనంపాలి. అది మా పద్ధతి. నేను లేపడానికి గదిలోకి పోబోతే అత్త నా మోచేయి పట్టుకుంది. గుమ్మంలో నిలబడి ఆ గురకను చాలాసేపు విన్నది. తరువాత సంచీ తనే నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు చేయకుండా మెట్టు దిగింది.

"లేపకు బిడ్డా. పండుకోనియ్యి" అంది.

ఉధ్నా దాకా ఆమె నా సైకిల్ వెనక కూర్చుని వచ్చింది. ఇప్పుడు నాకు అప్పటి ఆమె వయసే వచ్చింది. మాలలు మెడలో వేసుకుని నెలల తరబడి దేవుణ్ణి కాపలా పెట్టిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త జాలీ వేస్తుంది. కానీ అత్తను రైలెక్కించి, ఆ రోజు ఉధ్నా నుంచి ఉన్ దాకా ఈలవేస్తూ సైకిల్ తొక్కింది కూడా వాడే. ఇంటికి చేరేసరికి మా ఇంటామె ఇంకా నిద్ర లేవలేదు.